ఇంటి దగ్గర గాలిమర వస్తుంటే: భయాలు, వాస్తవాలు, అడగవలసిన కాగితాలు

తమిళనాడులో కాట్రాలై, కర్ణాటకలో గాలియంత్ర, మహారాష్ట్రలో పవనచక్కి, మన ఇళ్ళల్లో గాలిమర లేదా ఉత్త ఫ్యాను. కోవిల్‌పట్టి, కయత్తారు, ఒట్టపిడారం వైపు నల్లరేగడి పొలాల్లో ఉన్న మన కుటుంబాలకు, ఉడుమలైపేట, పల్లడం వైపు వాళ్ళకు, చిత్రదుర్గం, బళ్ళారి, గదగ్ జిల్లాల వాళ్ళకు, సాతారా, ధూళే వైపు స్థిరపడిన వాళ్ళకు ఇది కొత్త వస్తువు కాదు. ఒడిశాలోనూ, యానాంలోనూ ఇంకా దాదాపు లేవు. అయినా తెలిసి ఉండటం మంచిది.

మా సంఘానికి వచ్చే వాళ్ళు తరచు మూడు ప్రశ్నలు అడుగుతున్నారు. దీని మోతతో ఆరోగ్యం పాడవుతుందా? దీనివల్ల వాన పోతుందా? కంపెనీవాళ్ళు తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టవచ్చా? ఈ మూడింటికీ తెలిసినంతవరకు ఇక్కడ జవాబు రాస్తున్నాము. అన్నిటికన్నా ముందు ఒక మాట. గాలిమర లేచిన తరువాత ఊరి చేతిలో మిగిలేది చాలా తక్కువ. పునాది గుంట తవ్వకముందు ఒక కొలత, ఒక పటం, ఒక అర్జీ చేయగల పని, ఆ తరువాత పది అర్జీలు చేయలేవు. ఎందుకో కింద వివరిస్తాము.

పాత మర వేరు, కొత్త మర వేరు

మన దేశంలో మొదటి ప్రదర్శన గాలిమరల కేంద్రాలు 1986లో వచ్చాయి. గుజరాత్‌లో ఓఖా, మహారాష్ట్రలో రత్నగిరి, తమిళనాడులో తూత్తుకుడి ఆ మొదటి చోట్లు. తరువాత పడమటి కనుమల సందుల్లో, అంటే పాలక్కాడు, సెంగోట్టై, ఆరల్వాయ్‌మొళి కనుమల నుంచి నైరుతి గాలి దూసుకొచ్చే దారుల్లో, వేలకొద్దీ లేచాయి. 1990ల నాటి మర స్తంభం 30 నుంచి 50 మీటర్లు ఉండేది. దాని సామర్థ్యం 250 కిలోవాట్ల ప్రాంతంలో ఉండేది.

ఇప్పుడు వచ్చేది 2 నుంచి 3 మెగావాట్ల మర, కొన్ని అంతకన్నా పెద్దవి. స్తంభం 100 నుంచి 140 మీటర్లు. రెక్కలు తిరిగే చక్రం వ్యాసం 120 నుంచి 150 మీటర్లు. పైకి లేచిన రెక్క కొన దాదాపు 200 మీటర్లు తాకుతుంది. ఏడెనిమిది తాటిచెట్లు ఒకదానిమీద ఒకటి నిలబెడితే ఆ ఎత్తు వస్తుంది.

ఇప్పుడే ఈ లెక్క ఎందుకంటే, పాత మరల ఆయుష్షు 20, 25 ఏళ్ళు. అది తీరిపోతోంది. పాతవి పీకి కొత్తవి పెట్టడానికి కేంద్రం 2023 డిసెంబరులో విధానం ప్రకటించింది. తమిళనాడు ప్రభుత్వం 2024లో తన విధానం తెచ్చింది. కాబట్టి "మా ఇంటి పక్కన ముప్పై ఏళ్ళుగా ఫ్యాను ఉంది, ఏమీ కాలేదు" అన్న ధైర్యం చాలదు. అదే చోట రేపు లేచేది ఆ ఫ్యాను కాదు. పాత మర ఉన్న ఊరు ఇప్పుడు మళ్ళీ మొదటి నుంచి కొలతలు అడగవలసిన సమయంలో ఉంది.

ఊరిని అడిగే సభ ఎందుకు జరగదు

థర్మల్ కేంద్రమో పెద్ద గనో వస్తే కలెక్టరు సమక్షంలో ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. గాలిమరకు అది లేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో పవన విద్యుత్ లేదు. 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దీన్ని తెల్ల వర్గంలో, అంటే కాలుష్యం లేని పరిశ్రమల్లో చేర్చింది. దాని ప్రకారం కాలుష్య మండలి అనుమతి అక్కరలేదు, సమాచారం ఇస్తే చాలు.

పొగ, బూడిద లేవు గనుక ఆ నిర్ణయంలో న్యాయం ఉంది. కానీ దాని ఫలితం ఏమిటంటే, ఊరివాళ్ళు నోరు తెరిచి చెప్పుకునే వేదిక చట్టంలో తనంతట తాను రాదు. గ్రామసభలో, తహసీల్దారు దగ్గర, లీజు కాగితం దగ్గర మనమే తెచ్చుకోవాలి.

దూరం: రెండు లెక్కలు కలపవద్దు

కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ 2016 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో మనకు కావలసినవి రెండు.

మొదటిది ప్రమాదం లెక్క. రోడ్లు, రైలు పట్టాలు, భవనాలు, పెద్ద విద్యుత్ లైన్ల నుంచి ఉంచవలసిన దూరం ఇలా కట్టాలి: స్తంభం ఎత్తు, దానికి చక్రం వ్యాసంలో సగం, మరో 5 మీటర్లు. స్తంభం 120, చక్రం 140 అయితే 120 కి 70, 5 కలిపి 195 మీటర్లు. మర మొదలంటా కూలినా రోడ్డు మీద పడకూడదన్నది దీని ఉద్దేశం.

రెండవది మోత లెక్క. శబ్దం బాధ తగ్గడానికి నివాసాలకు 500 మీటర్ల లోపల గాలిమర పెట్టకూడదన్నది ఆ సూచన.

ఊళ్ళో మాట్లాడటానికి వచ్చినవాళ్ళు మొదటి లెక్క చూపించి "రూల్ ప్రకారం రెండు వందల మీటర్లు చాలు" అనడం విన్నాము. రోడ్డుకు అది చాలు. మనిషి నిద్రపోయే ఇంటికి చాలదు. ఈ తేడా తెలిసినవాడు ఊళ్ళో ఒకడున్నా మాట మారుతుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఇవి మార్గదర్శకాలు, పార్లమెంటు చేసిన చట్టం కాదు. ప్రభుత్వం ఇలాంటి సూచనలను మారుస్తూ ఉంటుంది గనుక, మీ ప్రాజెక్టు తేదీకి అమల్లో ఉన్న ప్రతిని అడిగి తీసుకోవాలి. తమిళనాడులో విద్యుత్ బోర్డు, కర్ణాటకలో క్రెడల్, మహారాష్ట్రలో మెడా, ఆంధ్రప్రదేశ్‌లో నెడ్‌క్యాప్ ఈ వ్యవహారం చూస్తాయి. ఇక రెండవది, తోటలో ఉన్న ఒంటి ఇల్లు. ఊరి పటంలో మన తోట ఇళ్ళు చాలా వాటికి గుర్తు ఉండదు. పటంలో లేని ఇంటికి దూరం ఎవరూ కొలవరు. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు జతచేసి "ఇక్కడ నివాసం ఉంది" అని ముందే పంచాయతీకి రాసి ఇవ్వాలి.

మోత

140 మీటర్ల చక్రం నిమిషానికి పదకొండు సార్లు తిరిగితే చూడటానికి నిదానంగానే ఉంటుంది. కాని రెక్క కొన గంటకు 250 కిలోమీటర్లకు పైబడి పరుగెడుతుంది. "ఉష్, ఉష్" మనే శబ్దం అక్కడిది. రాత్రి ఇది ఎక్కువ వినిపిస్తుందనడం భ్రమ కాదు. పొద్దు కుంకాక నేల దగ్గర గాలి పడిపోతుంది, చెట్ల చప్పుడు ఆగుతుంది. వంద మీటర్ల పైన మాత్రం గాలి వీస్తూనే ఉంటుంది. మర తిరుగుతుంది, దాన్ని కప్పే వేరే శబ్దం ఉండదు.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. పరిమితికన్నా 10 డెసిబెల్స్ లేదా అంతకు మించి ఉంటే కలెక్టరు, పోలీసు అధికారి వంటి నిర్ణీత అధికారికి ఫిర్యాదు చేయవచ్చునని 7వ నిబంధన. అంటే రాత్రి 55 చేరాలి. అర కిలోమీటరు దూరంలో ఉన్న మర మామూలుగా అంత మోత చేయదు. బాధ నిజం, కానీ అంకె పరిమితి దాటదు. కట్టాక గెలవడం కష్టమని పైన రాసింది అందుకే.

ఆరోగ్యం సంగతి. కెనడా ఆరోగ్య శాఖ వెయ్యికి పైగా ఇళ్ళల్లో అధ్యయనం చేసి 2014లో ఫలితం చెప్పింది. మోత పెరిగినకొద్దీ చికాకు పెరిగింది. కానీ మోతకూ, జబ్బులకూ, నిద్ర చెడటానికీ సంబంధం కనిపించలేదు. చెవికి వినపడని సన్నని తరంగాలు ఒంటికి చేటు చేస్తాయన్న భయాన్ని ఫిన్లాండ్‌లో 2020లో వచ్చిన పరిశోధన సమర్థించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2018లో గాలిమరల శబ్దానికి రాత్రీ పగలూ కలిపిన సగటు 45 డెసిబెల్స్ దాటకూడదని సలహా ఇచ్చింది. మేము గ్రహించింది ఇది: జబ్బులు వస్తాయని భయపెట్టేవాళ్ళ మాట నమ్మనక్కరలేదు. అట్లాగే "మీదంతా ఊహ" అని కొట్టిపారేసే వాళ్ళ మాటా ఒప్పుకోనక్కరలేదు. రోజూ రాత్రి చికాకు పడటం చిన్న బాధ కాదు.

మోత ఉన్న ఇంటివాళ్ళు ఒక నోటు పుస్తకం పెట్టుకోవాలి. తేదీ, గంట, గాలి ఏ దిక్కు నుంచి, ఏ మర అన్నది స్తంభం మీద రాసిన నంబరుతో సహా రాయాలి. మోత కొత్తగా మారి గీరినట్టో, ఈల వేసినట్టో వస్తే అది చాలాసార్లు గేరు, బేరింగు లేదా రెక్క అంచు చెడిన గుర్తు. మరమ్మతుతో పోతుంది. ఇలాంటి ఫిర్యాదుకు ఫలితం త్వరగా ఉంటుంది.

తిరిగే నీడ

పొద్దున, సాయంత్రం సూర్యుడు కిందికి ఉన్నప్పుడు రెక్కల నీడ ఇంటి కిటికీల మీద పడి వెలుగు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. మరకు తూర్పున, పడమట ఉన్న ఇళ్ళకు ఈ బాధ. ఏడాదంతా ఉండదు, కొన్ని వారాలు, రోజుకు కొన్ని నిమిషాలు. ఏ ఇంటి మీద ఏ తేదీల్లో పడుతుందో కంప్యూటర్ ముందే లెక్క కట్టగలదు. జర్మనీలో ఏడాదికి 30 గంటలు, రోజుకు 30 నిమిషాలు మించరాదని పరిమితి. మన దగ్గర ఇన్ని గంటలన్న హద్దు పెట్టలేదు. అయినా ఆ లెక్క కాగితం అడగవచ్చు. ఆ నిమిషాల్లో మర ఆపే ఏర్పాటు కొత్త యంత్రాల్లో ఉంది.

వాన, పంట, పశువులు

గాలిమర మబ్బులను తోలేస్తుందన్న మాట మహారాష్ట్ర నుంచి మన పొలాల దాకా వినిపిస్తుంది. కరువు ఏడు వస్తే ఇంకా గట్టిగా వినిపిస్తుంది. వాన తెచ్చేది వందల కిలోమీటర్ల విస్తీర్ణంలో కదిలే రుతుపవనాలు. మబ్బులు చాలావరకు మర రెక్కకు అందనంత ఎత్తున ఉంటాయి. వాన పోవడానికి మర కారణం కాదు. ఈ మాట అర్జీలో రాస్తే మిగిలిన నిజమైన ఫిర్యాదులను కూడా అధికారి పక్కన పెట్టేస్తాడు. రాయవద్దని మా సలహా.

మర కింద జొన్న, మినుము, పత్తి మామూలుగానే పండుతాయి. గొర్రెలు దాని నీడలోనే పడుకుంటాయి. ప్రకృతిలో మార్పు అసలు లేదనీ కాదు. సాతారా జిల్లా చాల్కెవాడి పీఠభూమి మీద జరిగిన అధ్యయనం 2018లో అచ్చయింది. మరలున్న చోట వేట పక్షులు తగ్గి, తొండలు పెరిగాయని అందులో తేలింది.

అసలు నష్టం తరచు బాటలో ఉంటుంది

మా అనుభవంలో ఊరికి ఎక్కువ నష్టం చేసేది మర కాదు, మర రావడానికి వేసిన దారి. 60, 70 మీటర్ల రెక్కను మోసే లారీ మలుపు తిరగాలంటే గట్లు, చెట్లు పోతాయి. మెట్ట మీద వేసిన ఎత్తు బాట వాన నీటికి ఆనకట్ట అవుతుంది. వాగు దారి మారి చెరువుకు నీరు చేరదు, లేదా పక్క పొలం మునుగుతుంది. వాగు దాటే ప్రతి చోట తూము పెట్టాలని, పని అయ్యాక ఊరి రోడ్డు బాగుచేయాలని ముందే రాయించుకోవాలి.

విద్యుత్ లైన్లు మరొకటి. 66 కేవీ, అంతకు పైబడిన లైన్లకు పరిహారం మీద కేంద్ర విద్యుత్ శాఖ 2024 జూన్‌లో కొత్త సూచనలు ఇచ్చింది. టవరు నిలిచే నేలకు భూమి విలువకు రెట్టింపు, తీగల కింది పట్టీకి విలువలో 30 శాతం. రాష్ట్రం వాటిని ఎంతవరకు అమలు చేస్తున్నదో కలెక్టరు కార్యాలయంలో అడగాలి. మర నుంచి సబ్‌స్టేషన్ దాకా పోయే 33 కేవీ లైన్లకు ఈ లెక్క వర్తించదు. అక్కడ ముందుగా మాట్లాడి కాగితం మీద పెట్టుకోవాలి.

సంతకం, భాష

మా సభ్యురాలు ఒకావిడ ఒక లీజు ఒప్పందం తెచ్చారు. భర్త పోయాక మూడెకరాలు ఆమె పేరున ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాగితం మొత్తం ఇంగ్లీషు. "బాటకు పది అడుగులు" అని నోటితో చెప్పారట. కాగితంలో "అవసరమైనంత వెడల్పు" అని ఉంది. కౌలు ఎంత అన్నది చదివి వినిపించారు, ఎన్నేళ్ళు అన్నది వినిపించలేదు. మేము చదివి చెప్పేసరికి ఆమె ఒక పేజీలో సంతకం పెట్టేసి ఉన్నారు. అదృష్టం, రిజిస్ట్రేషను ఇంకా కాలేదు, పది అడుగులు రాయించగలిగాము.

ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రిజిస్టరు చేయాలి. సంతకానికి ముందు ఈ ఏడు విషయాలు ఇంట్లో ఎవరో ఒకరు తెలుగులో చదివి వినిపించాలి:

1. ఎన్ని ఏళ్ళు, పొడిగింపు ఎవరి ఇష్టం.
2. కౌలు ఎంత, ఎప్పుడెప్పుడు పెరుగుతుంది.
3. మర మొదలు, బాట, తీగలు ఏ సర్వే నంబరులో ఎంత నేల తీసుకుంటాయి.
4. మిగిలిన నేలలో సేద్యం, బోరు, ఇల్లు కట్టుకోవడం మీద ఏమైనా ఆంక్ష ఉందా.
5. కంపెనీ చేతులు మారితే ఒప్పందం ఎవరి మీద ఉంటుంది.
6. మర ఆయుష్షు తీరాక పీకేది ఎవరు, కాంక్రీటు పునాది తీసేది ఎవరు.
7. పాత మర స్థానంలో పెద్దది పెట్టే హక్కు ఈ లీజులోనే రాసేసుకున్నారా.

ఏడవది ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యం.

అర్జీ ఎవరికి, ఏ భాషలో

రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, బాధ చెప్పుకునే వినతిపత్రాన్ని కేంద్రంలోనో రాష్ట్రంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా ఇవ్వవచ్చు. తెలుగులో రాసిందని తిప్పి పంపకూడదు. అయినా పని త్వరగా సాగాలంటే స్థానిక భాషలో అనువాదం జతచేయడం మంచిది. సమాచార హక్కు దరఖాస్తుకు మాత్రం ఈ సౌకర్యం లేదు. 2005 చట్టం 6వ సెక్షన్ ప్రకారం ఇంగ్లీషు, హిందీ లేదా ఆ ప్రాంతపు అధికార భాషలోనే రాయాలి. రుసుము 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు.

వరుస ఇలా ఉంటే బాగుంటుంది. మొదట సమాచార హక్కు కింద మర స్థానాల పటం, ఇళ్ళ దూరాల పట్టిక అడగండి. తరువాత గ్రామసభలో తీర్మానం. తమిళనాడులో జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1 గ్రామసభ రోజులు. తీర్మానంలో "మాకు వద్దు" అని ఒక్క మాట రాసి ఊరుకోకుండా, ఏ సర్వే నంబరులోని మర ఏ ఇంటికి ఎన్ని మీటర్లు అన్నది రాయించాలి. దాని నకలుతో కలెక్టరుకు అర్జీ ఇచ్చి, మీ ప్రతి మీద అందినట్టు ముద్ర, తేదీ, ఇన్వర్డ్ నంబరు వేయించుకోండి. ముద్ర లేని అర్జీ ఇవ్వని అర్జీతో సమానం. ఆఖరు మెట్టు జాతీయ హరిత ట్రిబ్యునల్. దక్షిణ రాష్ట్రాలకు చెన్నైలో, మహారాష్ట్రకు పుణేలో పీఠాలున్నాయి. వివాదానికి కారణం పుట్టిన ఆరు నెలల లోపల వెళ్ళాలి.

ఇంటిలో తగవు పెట్టుకోకండి

ఆ సభ్యురాలే మరొక మాట అన్నారు: "మా మరిదికి కౌలు, నాకు మోత." పక్క పొలంలో మర లేచింది, డబ్బు వాళ్ళకు వస్తుంది, రాత్రి నిద్ర ఈమెకు పోతుంది. రెండేళ్ళుగా పండక్కి రాకపోకలు లేవు. మేము చూసిన తగవుల్లో సగం కంపెనీతో కాదు, ఇలా అన్నదమ్ముల మధ్య, వదినా మరుదుల మధ్య వచ్చినవే.

గాలిమర చెడ్డదని మేము అనడం లేదు. మెట్ట పొలానికి ఏటా నిలకడగా వచ్చే కౌలు చిన్న విషయం కాదు. పొగ లేని కరెంటు అందరికీ కావాలి. కానీ కౌలు ఒకరికీ మోత ఒకరికీ అన్నప్పుడు, ఆ రెండిళ్ళూ మర లేవకముందు ఒకచోట కూర్చోవాలి. మరను వంద మీటర్లు అటు జరపమని ఇద్దరూ కలిసి అడిగితే పటం మీద గీత మారుతుంది. ఒక్కరే అడిగితే ఎదుటివాడు రెండో ఇంటి సంతకం చూపిస్తాడు. మీ ఊరికి కొలతలవాళ్ళు వచ్చారని తెలిసిన రోజే మీ దగ్గరి తెలుగు సంఘానికి కాగితం పట్టుకు రండి. చదివి చెప్పడానికి మేమున్నాము.